లోయకి వేసిన గేటు

నా లోయలోకి ఎవరూ వెళ్ళడం లేదు.

కంప్యూటరు ఆటలో లోయ సంగతి నేను చెప్పేది. రెండేళ్ళుగా దాన్ని కడుతున్నాను. కొండవాలు, బీచ్ అనే అడవిచెట్ల తోపు, తోపు దాటాక గొర్రెల పచ్చిక, పచ్చిక చివర ఒక ముసలావిడ ఇల్లు, ఆ ఇంటి వెనకనుంచి దిగితే సరస్సు. ఒక్క రాయి కూడా ఉత్తినే పడేసింది కాదు. పొద్దున పూట సరస్సు మీద మంచు ఎటునుంచి లేవాలో తేల్చుకోవడానికే ఒక చలికాలమంతా పట్టింది. మాది ఓపెన్ వరల్డ్ ఆట. ఆడేవాడు ఒకే దారి పట్టుకు పోనక్కర్లేదు, కనిపించిన కొండల్లా ఎక్కొచ్చు, కనిపించిన ఏరల్లా దాటొచ్చు. మా గ్రోస్టెన్ కంపెనీవాళ్ళం ఊరంతా డబ్బా కొట్టుకునేది ఆ మాటే. ఊరంటే స్వీడన్‌లో షోవ్దె. ఇక్కడ ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు ఆటలు తయారుచేసే పనిలోనే ఉంటారు కాబట్టి ఆ డబ్బా ఎవరి చెవికీ ఎక్కదనుకోండి.

ఆట అమ్మకానికి పోయే ముందు దేశంకాని దేశంలో కొంతమందిని కూర్చోబెట్టి ఆడిస్తారు. ఈసారి అమెరికా వాళ్ళు. వాళ్ళు ఎక్కడెక్కడ తిరిగితే అక్కడ మా దగ్గరున్న పటం ఎర్రబడుతుంది. కోట ఎర్రగా ఉంది. రేవు ఎర్రగా ఉంది. ఎవరో పొరపాటున చెరిపేయడం మర్చిపోయిన బురదగుంట దగ్గర కూడా జనం మూగి ఎర్రగా చేసి పెట్టారు. నా లోయ మాత్రం మాడిన పెనంలా నల్లగా ఉంది.

సెప్టెంబరులో ఈ పటం మీద మీటింగు పెట్టారు. నడిపించేవాడు హోకన్, ఆట మొత్తానికి పెద్ద. మా ఆఫీసులో పెద్ద అనేవాడు ఉత్తర్వు వెయ్యడు. అందరూ ఒప్పుకునేదాకా అందరినీ కూర్చోబెడతాడు. ఉత్తర్వు కంటే అది ఘోరం. ఉత్తర్వైతే కనీసం తిట్టుకోవచ్చు.

"సిగ్రిడ్, ఇది నీకెంత బాధగా ఉంటుందో నాకు అర్థమవుతోంది," అన్నాడు హోకన్, యాలకుల బన్ను నా వైపు జరిపి.

"బాధ కాదు, ఒళ్ళుమంట. సంగతి చెప్పు."

"లోయ ఉంచితే ఇంకా మెరుగుపెట్టాలి, తప్పులు ఏరాలి. ఎవరూ చూడనిదానికి అంత పనెందుకని పైవాళ్ళు అడుగుతున్నారు. అక్టోబరు చివర బడుల సెలవులొచ్చేలోగా జనం అందులోకి వెళ్తే సరి. లేదంటే... అందరం కలిసి ఒక నిర్ణయానికి రావచ్చు."

లేదంటే తీసేస్తాం అని దానర్థం. మా భాషలో అంతకంటే సూటిగా ఎవరూ అనరు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా వరసగా తమతమ మనసులో మాట చెప్పారు. అందరికీ నా మీద జాలే. ఆ జాలికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గేటుకి కాస్త పసుపు రంగు పూస్తే?" అన్నాడు హోకన్. "పైన మెరిసే బాణం ఒకటి పెడితే? ఆడేవాళ్ళకి దారి తెలుస్తుంది."

"బాణమా? అంతటితో ఆగడమెందుకు హోకన్? చెయ్యి పట్టుకు నడిపిద్దాం. దారిలో ముక్కు కూడా తుడుద్దాం."

"నీ ఆవేదన నేను వింటున్నాను."

"వినకపోయినా ఫర్లేదు, బాణం మాత్రం పెట్టకు."

బాణం పెట్టిన రోజున అది లోయ కాదు, రైల్వే ప్లాట్‌ఫారం. తనంతట తాను చూసి, ఏముందో అనుకుని, వెళ్ళి కనుక్కున్నవాడికే అది లోయ. ఇది నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో! గోడకి చెప్పుకున్నా ఈపాటికి పగుళ్ళిచ్చేది.

నా వంతు ప్రయత్నాలు నేను చేశాను. ముసలావిడ ఇంటి పొగగొట్టంలోంచి పొగ పెట్టాను, రోడ్డు మీద నుంచే కనపడేలా. గొర్రెల మెడల్లో గంటలు కట్టాను. సాయంకాలపు ఎండ సరిగ్గా పచ్చిక మీదే పడేలా కొండని కాస్త పక్కకి జరిపాను. కొండని జరిపాను! ఐనా పటం నల్లగానే ఉంది.

అక్టోబరు మొదట్లో ఇక ఓపిక పట్టలేక, ఆ అమెరికా వాళ్ళు ఆడుతుండగా తీసిన వీడియోలు తెప్పించుకుని చూడ్డం మొదలుపెట్టాను. నా పక్క బల్ల మార్టాది. ఆటలో జంతువులన్నిటికీ బుద్ధి పుట్టించేది ఆవిడే. నక్క ఎప్పుడు పారిపోవాలి, గొర్రె ఎటు తిరగాలి, అంతా ఆవిడ రాసిందే. మనుషులంటే పెద్ద గౌరవం లేదు.

మొదటి వీడియోలో ఒకడు గుర్రం మీద వచ్చాడు. పొగ చూశాడు. "ఓహో!" అన్నాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. దారి దిగాడు, తోపు దాటాడు, పచ్చిక చుట్టూ కట్టిన కర్రదడి దగ్గరికి వచ్చాడు. దడికి గేటు. గేటుకి గడియ. వేలు పెడితే ఊడొచ్చే గడియ. గేటు ముందు నిలబడ్డాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఎక్కడికిరా నాయనా!" అని అరిచాను. ఆఫీసులో అందరూ తలలు తిప్పారు.

రెండో వీడియోలో ఒకమ్మాయి. గేటు దాకా వచ్చి వెనక్కి. మూడోవాడు దడి వెంబడి చుట్టూ నడిచి, కొండ మీదకెక్కి, పైనుంచి సరస్సు వైపు కాసేపు చూసి దిగిపోయాడు. గేటు మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రమయ్యేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

"వీళ్ళకి చేతుల్లేవా మార్టా? కోటలో రాజుగారి పడకగది తాళం పగలగొట్టారు. సమాధులు తవ్వారు. గడియ తీయడానికేం రోగం?"

మార్టా కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. "గడియ కనపడ్డం లేదేమో."

గడియ పెద్దది చేశాం. మర్నాటి వీడియోల్లోనూ అంతే. గడియ మీద వెలుగు పడేలా చేశాం. అంతే. అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా పల్లెల్లో ప్రతి గేటు మీదా ఉండే బోర్డే ఒకటి చేసి తగిలించాను: "దయచేసి గేటు మూసి వెళ్ళండి." లోపలికి వెళ్ళేవాళ్ళుంటేనే కదా ఆ మాట రాస్తారు! దీనికంటే ఆహ్వానం ఏముంటుంది?

బోర్డు పెట్టాక గేటు దాకా వచ్చేవాళ్ళు కూడా బోర్డు చదివి మధ్యలోనే వెనక్కి తిరగడం మొదలుపెట్టారు.

నేను బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. మార్టా కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. "నా గొర్రెలకి ఇంతకంటే బుర్ర ఉంది," అంది.

"నీ గొర్రెలు ఓటేస్తాయా? వేస్తే లోయ దక్కేది."

టెస్టర్లతో మేం నేరుగా మాట్లాడకూడదు. వాళ్ళ మనసు పాడవుతుందట. నా మనసు సంగతేమిటని హోకన్‌ని నిలదీశాను. ఆయన నలుగురినీ అడిగి, నలుగురూ సరేనన్నాక, ఒక్కరితో మాట్లాడనిచ్చాడు. ఆ ఒక్కరూ కర్టిస్ అనే ఆయన, అమెరికాలో తుల్సా అనే ఊళ్ళో ఉంటాడు. పగలు సామాన్ల వ్యాను తోలి, కుదిరినప్పుడు ఈ ఆటలాడే పనికి వస్తాడు. తెర మీద గుండ్రటి మొహం, బేస్‌బాల్ టోపీ.

"ఆ లోయ చూశారా?" అని అడిగాను.

"చూశాను మేడమ్. బ్రహ్మాండంగా ఉంది. పొగ వస్తుంటే ఎంత బావుందో!"

"మరి లోపలికెందుకెళ్ళలేదు?"

"గేటుంది కదా మేడమ్."

"గేటుంటే?"

ఆయన నన్ను కాస్త అనుమానంగా చూశాడు. "గేటుందంటే ఎవరిదో స్థలమనే కదా."

"అవును, ఆ ముసలావిడది. అయితే?"

"అయితే ఏంటండీ? ఎవరిదో స్థలంలోకి ఎలా వెళ్తాం? కాల్చేస్తారు."

"ఎవరు కాలుస్తారు?"

"ఆ ఇంటివాళ్ళు."

"ఆ ఇంట్లో ఉన్నది ఒక్క ముసలావిడండీ బాబూ! జున్ను చేసుకుంటుంటుంది!"

"మా వైపు ముసలాళ్ళే ముందు కాలుస్తారు మేడమ్," అన్నాడు కర్టిస్, ఎంతో మర్యాదగా.

"రాజుగారి గదిలో జొరబడ్డారు కదా, అప్పుడు భయం లేదా?"

"రాజు విలన్ కదా మేడమ్. ఈవిడ ఎవర్నేం చేసింది పాపం?"

బోర్డు సంగతి అడిగాను. "గేటు మూసి ఉంచండి అన్నారంటే లోపలికి రావద్దనే కదా," అన్నాడు. ఆ మాట అన్న తీరులో తప్పు పట్టడానికేమీ లేదు. పైగా నేనే తెలివితక్కువదాన్నేమో అన్నట్టు మెల్లగా, విడమరిచి చెప్పాడు.

మీటింగులో ఈ సంగతి చెప్పాను. మేం అరవైమందిమి. ఆ గేటుని అరవైమందిమీ చూశాం, అరవైమందిమీ తీసుకుని వెళ్ళాం, వేసుకుని వచ్చాం. శనివారం వస్తే మేమంతా బుట్టలు పట్టుకుని ఎవరెవరి అడవుల్లోనో పడి పుట్టగొడుగులు కోసుకుంటాం. ఆ అడవి ఎవరిదో ఏనాడూ అడిగింది లేదు. ఇంటి వాకిట్లోకి పోకూడదు, దేన్నీ పాడుచెయ్యకూడదు, తీసిన గేటు వెయ్యాలి. మా దేశంలో చట్టమూ, బళ్ళో చెప్పిందీ ఇంతే. లోకంలో ఎవరైనా గేటు చూసి ఆగిపోతారన్న ఊహ ఒక్కరికంటే ఒక్కరికి రాలేదు. లోకమంతా తిరిగే ఆటట!

"చాలా విలువైన సంగతి తెలిసింది," అన్నాడు హోకన్. "దీని మీద ఒక చిన్న బృందం వేసి..."

"సెలవులు వచ్చే వారమే హోకన్."

"అందుకే బాణం అంటున్నాను."

"దడి తీసేస్తే?" అన్నారెవరో.

"దడి తీస్తే నా గొర్రెలు?" అని లేచింది మార్టా.

"లోపలికి రావచ్చు అని బోర్డు రాస్తే?"

"మన దేశంలో అలాంటి బోర్డు ఉంటుందా? ఊపిరి పీల్చుకోవచ్చు అని రాసినట్టు!" అన్నాను.

అందరూ అన్నిటికీ తలలూపారు. బన్నులు అయిపోయాయి. హోకన్ మళ్ళీ మొదట్నుంచి వరసగా అందరి మనసులో మాటా అడగబోయేసరికి నాకు ఓపిక నశించింది. కుర్చీ వెనక్కి నెట్టి, నా బల్ల దగ్గరికి పోయి, లోయ తెరిచి, గడియ తీసి, గేటుని బార్లా తెరిచి వదిలేశాను. బోర్డు పీకి పారేశాను.

మార్టా నా వెనకే వచ్చింది. తెర మీద గేటు చూసి మొహం ముడుచుకుంది. "తెరిచి పెట్టావా?"

"పెట్టాను."

"తెరిచే? సిగ్గు లేదూ?"

నిజం చెప్పొద్దూ, నాకూ చెయ్యి ఆడలేదు. చిన్నప్పుడు ఎవరి పచ్చికలోంచి అడ్డం పడి పోయినా ఏమీ అనేవాళ్ళు కాదు గానీ, గేటు వెయ్యకుండా వస్తే మాత్రం ఊరంతా కలిసి తోలు వలిచేవాళ్ళు. ఐనా ఆ రోజు నాకు ఎవరి గొర్రెలూ పట్టలేదు. ఇంకేం అడ్డమో ఇప్పుడు చెప్పండ్రా, అనుకున్నాను. కోటు వేసుకుని ఇంటికి పోయాను.

మర్నాడు ఆఫీసుకి వచ్చేసరికి కొంప మునిగింది. మార్టా గొర్రెలకి సందు దొరికితే దూరడం తెలుసు. రాత్రికి రాత్రి దూరిపోయాయి. అమెరికానుంచి వచ్చిన ఫిర్యాదులన్నీ గొర్రెలే. కోట వాకిట్లో గొర్రెలు. రేవులో పడవెక్కిన గొర్రె. రాజుగారి ఊరేగింపుకి గొర్రెలు అడ్డం పడేసరికి గుర్రాలూ సైనికులూ ఒకరి వెనక ఒకరు నిలబడిపోయారు. ఊరేగింపు కట్టినవాడు నా బల్ల దగ్గరికొచ్చి, తన తల తనే పట్టుకుని వెళ్ళిపోయాడు.

హోకన్ వచ్చాడు. "సిగ్రిడ్!" అన్నాడు గట్టిగా. పదకొండేళ్ళలో ఆయన గొంతు పెంచడం అదే మొదలు. వెంటనే, "క్షమించు, అరిచాను," అని ఎర్రబడ్డాడు. "కానీ ఇక చాలు. గేటు మూసెయ్యి. లోయని కూడా... తీసేద్దాం. నువ్వు ఒప్పుకుంటావనే అనుకుంటున్నాను."

ఒప్పుకోక చేసేదేముంది? అందరి పనీ పాడుచేశాను. ఏడుపొచ్చింది, కానీ ఆయన ముందు ఏడవదల్చుకోలేదు. సరేనన్నాను. గేటు మూద్దామని లోయ తెరిచాను.

"ఆగు," అంది పక్కనుంచి మార్టా. "పటం చూడు."

నల్లటి లోయలోకి రోడ్డు మీద నుంచి సన్నగా ఒక ఎర్రగీత దిగుతోంది. ఒకటి కాదు. కోట వైపునుంచొకటి, రేవు వైపునుంచొకటి, అన్నీ గేటు దగ్గర కలిసి, పచ్చిక దాటి, ముసలావిడ ఇంటి దాకా. కొన్ని ఇంకా ముందుకి, సరస్సు ఒడ్డు దాకా. హోకన్ వంగి చూశాడు. ముగ్గురం కలిసి వీడియోలు తెరిచాం.

మొదట దొరికింది కర్టిస్‌దే. రాజుగారి శత్రువుని పట్టుకునే పని మీద గుర్రాన్ని పరుగులు పెట్టిస్తున్నాడు. రోడ్డు మధ్య గొర్రెలు. ఆగాడు. "అరెరె, ఎవరివో పాపం," అన్నాడు తనలో తను. చుట్టూ చూశాడు. దూరంగా తెరిచిన గేటు కనిపించింది. గుర్రం దిగాడు.

మార్టా గొర్రె, మనిషి దగ్గరికొస్తే అతనికి ఎదురుదిక్కుకి నడుస్తుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఆయనకి అర్థమైంది. "హేయ్, హేయ్, అటు కాదే పిచ్చిదానా... ఆ, ఇటు... నీకు వేరే చెప్పాలా, నడు," అంటూ ఒక్కొక్కదాన్నీ తోలుకుంటూ గేటు దాకా తెచ్చాడు. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. గొర్రెలు లోపలికి పోయాయి. ఒకటి మాత్రం గేటు పక్కన గడ్డి మేస్తూ కదలనంది. దాన్ని తోలుతూ ఆయనా లోపలికి వచ్చేశాడు.

"వచ్చాడు," అన్నాను.

ముసలావిడ వాకిట్లో పనిచేసుకుంటోంది. కర్టిస్ ఇంటికి చాలా దూరంలోనే నిలబడి, "పెద్దమ్మా, మీ గొర్రెలు బయటపడితే తోలుకొచ్చానండీ," అన్నాడు. ఆవిడకి మాటలు రాయించమని నేను ఏడాదిపాటు అడిగాను, కథ రాసేవాళ్ళు ఒక్క వాక్యం ఇవ్వలేదు. అందుకని ఆవిడ తలెత్తి చూసి, తలూపి, మళ్ళీ పనిలో పడింది. ఆయన కాసేపు అలాగే ఎదురుచూశాడు. తరవాత మెల్లగా, దొంగలా కాక, అలాగని ధైర్యంగానూ కాక, పచ్చిక అంచునే నడుచుకుంటూ సరస్సు దాకా పోయి కూర్చున్నాడు. రాజూ శత్రువూ ఆయనకి గుర్తున్నట్టు లేరు.

"లోయ ఉంటుంది," అన్నాడు హోకన్. ఎవరినీ అడక్కుండానే అన్నాడు. "రోజుకో పూట గేటు తెరిచి ఉంచి, ఆ దారిన వెళ్ళే గొర్రెలు మాత్రం రేవు దాకా పోకుండా చూడు మార్టా."

"పడవెక్కింది బావుంది, దాన్ని మాత్రం ఉంచుతాను," అంది మార్టా.

ఆ సాయంత్రం కర్టిస్‌తో మళ్ళీ మాట్లాడాను. ఈసారి హోకనే కలిపాడు. లోయ ఉంటుందని, అది మీ పుణ్యమేనని చెబుదామనుకున్నాను. ఆయన మాత్రం తప్పుపట్టడానికి పిలిచామనుకున్నట్టున్నాడు.

"ఇంటి దగ్గరికి పోలేదు మేడమ్. గొర్రెల్ని విడిచిపెట్టడానికే వెళ్ళాను. తరవాత కాస్త సరస్సు చూద్దామని..."

"మంచిపని చేశారు. చూడ్డానికే పెట్టాం."

"ఒకటడగనా? మీ దేశంలో నిజంగానే అలా పోనిస్తారా?"

"పోనిస్తారు."

"ఎవరి పొలమైనా?"

"వాకిట్లోకి రానంతవరకు, ఎవరిదైనా."

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకు యాభై దాటాయి మేడమ్. నాకంటూ జానెడు నేల లేదు, పుట్టిందగ్గర్నుంచీ అద్దె కొంపలే. పార్కులో నడిచాననుకోండి, పొద్దువాలితే ఎవడో ఒకడొచ్చి పొమ్మంటాడు. మా ఊరు దాటితే రోడ్డుకి రెండు పక్కలా కంచే. ఆ కంచె పక్కన ముప్పయ్యేళ్ళు వ్యాను తోలాను. అవతల ఎంత పచ్చిక ఉంటుందో! ఒక్కనాడు దాని మీద కాలు పెట్టలేదు." నవ్వాడు. "అక్కడ కూర్చున్నంతసేపూ వెనక్కి చూస్తూనే ఉన్నానండీ, ఎవరైనా వచ్చి లెమ్మంటారేమోనని. ఎవరూ రాలేదు."

మూడు వారాలుగా ఈ మనిషిని కళ్ళున్న కబోది అని, చేతుల్లేని వెధవ అని, మార్టా గొర్రెల కంటే కనాకష్టమని తిట్టాను.

"రేపు మళ్ళీ వెళ్ళండి," అన్నాను.

"వెళ్ళొచ్చా మేడమ్?" అన్నాడు.